ఫోన్లో తిరిగే మూడు పద్యాలు: పాఠం చెడిందని పట్టుకోవడం ఎలా?

మధురవాడ (డిగ్రీ విద్యార్థి):
అందరికీ నమస్కారం. నెట్‌లో కనిపించిన మూడు బొమ్మలు బాగున్నాయనిపించి ఇక్కడ పెడుతున్నాను. అక్షరాలు బొమ్మలో ఉన్నవి ఉన్నట్టే దించాను.

ఒకటి, వేమన: "ఉప్పు కర్పూరము ఒక్క పోలికనుండు / చూడ చూడ రుచుల జాడ వేరు"

రెండు, సుమతి: "అక్కరకు రాని చుట్టము / మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున / దానెక్కిన బారని గుర్రము / గ్రక్కున విడువంగవలయు గదరా సుమతీ"

మూడు, సింహాచలం కొండ ఫొటో మీద: "వైరిహర సింహ! సింహాద్రి నారసింహ!"

తప్పులేమైనా ఉన్నాయాండీ? ఉంటే ఎలా తెలుస్తుంది?

పెదవాల్తేరు:
మంచి పని చేశావు బాబూ, మూడూ మూడు రకాల తప్పులు. మొదటిది గణాలు (గురువు, లఘువుల గుంపులు) వేస్తే దొరికిపోతుంది.

వేమనది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రెండు: గల (గురువు, లఘువు), న (మూడు లఘువులు). ఇంద్రగణాలు ఆరు (గురువును U, లఘువును I అని రాస్తే): నల IIII, నగ IIIU, సల IIUI, భ UII, ర UIU, త UUI. దీర్ఘం, సున్న, విసర్గ, పొల్లు ఉన్న అక్షరం గురువు. జంటాక్షరానికీ సంయుక్తానికీ ముందున్న అక్షరం కూడా గురువే. మిగిలినవి లఘువులు.

నీ బొమ్మలో "ఉప్పు" గల, సరిపోయింది. తర్వాత "కర్పూ" వచ్చింది. అది రెండు గురువులు, గగ. సూర్యగణాల్లో గగ లేదు. అంటే పాదం రెండో గణంలోనే విరిగింది. అసలు పాఠం ఇది:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడఁ జూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఉప్పు, కప్పు, రంబు: మూడూ గల. నొక్కపో: ర గణం. లికనుండు: సల. చక్కగా కూర్చుంది. కర్పూరానికి వికృతి కప్పురం. ఈ రోజుల్లో ఇళ్ళలో వినపడే మాట కర్పూరమే కాబట్టి, టైపు చేసిన వాళ్ళ చెయ్యి అటే పోయింది. ఇంకో తప్పు "కర్పూరము ఒక్క" దగ్గర. పాదం మధ్యలో అచ్చును అలా విడిగా వదలరు, నకారం వచ్చి "నొక్క" అవుతుంది.

యతి కూడా చూడు. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో కలవాలి. మొదటి పాదంలో "ఉ"కు "నొ"లోని ఒకారంతో మైత్రి. రెండో పాదంలో "చూ"కూ "జా"కూ అచ్చులు కలవవు. కానీ తప్పు కాదు, అది ప్రాసయతి: చూడ, జాడ. రెండు చోట్లా మొదటి అక్షరం గురువు, రెండో అక్షరం డకారం. ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది. ఇది తెలియక యతి తప్పిందంటూ మంచి పాఠాన్ని "దిద్దే" వాళ్ళున్నారు, వాళ్ళతో జాగ్రత్త.

గాజువాక:
రెండోదాంట్లో మాటలన్నీ సరైనవే, పాదం విరిచిన చోటే తప్పు. సుమతి పద్యం కందం. కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అదే ప్రాస. ఇక్కడ క్కకారం: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. బొమ్మలో మూడో పాదం "దానెక్కిన" అని మొదలైంది, రెండో అక్షరం "నె" అయిపోయింది. ప్రాస పోయింది. రెండు, నాలుగు పాదాల చివరి అక్షరం గురువు కావాలన్న నియమమూ పోయింది, ఎందుకంటే "మోహరమున" లఘువుతో ముగుస్తుంది. "దా"ను పై పాదానికి చేర్చి చూడండి:

మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము

రెండూ ఒక్కసారే కుదిరాయి. ఇలాంటి తప్పు ఎందుకు వస్తుందంటే, "దానెక్కిన" ఒక మాటలా కనిపిస్తుంది కాబట్టి సగంలో విరవడానికి మనసొప్పదు. కందంలో మాట సగంలో విరగడం మామూలే. పాదం ఎక్కడ మొదలవుతుందో అనుమానం వస్తే ముందు ప్రాస చూడండి, తర్వాతే అర్థం.

భీమిలి:
మూడోదాని గురించి నేను రాస్తాను. మన సింహాద్రప్పన్న పద్యం తప్పుగా తిరుగుతుంటే బాధగా ఉంటుంది.

ఇది గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం మకుటం, అంటే ప్రతి పద్యం చివరా వచ్చే పిలుపు. 18వ శతాబ్దపు కవి. అన్నీ సీస పద్యాలు, మకుటం ప్రతి సీసం కింద వచ్చే తేటగీతి చివరి పాదంలో ఉంటుంది. సరైన పాఠం: "వైరిహరరంహ! సింహాద్రి నారసింహ!"

తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. వైరి: గల. హరరంహ: సల. సింహాద్రి: త. నార: గల. సింహ: గల. యతి వైరి, నార అని ప్రాసయతి.

ఇప్పుడు బొమ్మలోది వేయండి. "హరసింహ" కూడా సల గణమే. యతి చెక్కు చెదరలేదు. అంటే గణాలతో ఈ తప్పు దొరకదు. అందుకే ప్రతిపదార్థం రాయాలి. రంహస్సు అంటే వేగం. వైరులను హరించే వేగం గలవాడా అని పిలుపు. "సింహ" పెడితే ఒక్క పాదంలో సింహ శబ్దం మూడుసార్లు వచ్చి, వేగం అన్న భావం మాయమైపోతుంది. కవి చేసిన పని చూడండి: రంహ, సింహా, సింహ అంటూ "ంహ" మోత మూడుసార్లు వినిపించాడు, కానీ మొదటిసారి వేరే మాటతో. ఆ మకుటం అందమంతా అక్కడే ఉంది.

తెలియని మాటను తెలిసిన మాటగా మార్చేయడం, కప్పురం దగ్గరా ఇదే జరిగింది, రంహ దగ్గరా ఇదే. కాబట్టి రెండు పాఠాలు కనిపించి, రెండూ ఛందస్సుకు కుదిరితే, అర్థం పొసగుతున్నంత వరకు వాడుకలో అరుదైన మాట ఉన్నదాన్నే నేను ముందు అనుమానించకుండా తీసుకుంటాను. ఆ తర్వాత అచ్చు పుస్తకం చూస్తాను.

మధురవాడ (డిగ్రీ విద్యార్థి):
ధన్యవాదాలండీ. నెట్‌లో వెతికితే తప్పు పాఠమే పదిచోట్ల వస్తోంది, సరైనది రావట్లేదు. ఎలా వెతకాలి?

గాజువాక:
పద్యం మొదటి మాటలతో వెతకకండి, అవే ఎక్కువ చెడి ఉంటాయి. రెండో మూడో పాదంలోంచి సంధి లేని రెండు మాటలు తీసుకోండి: "పుణ్య పురుషులు" లాంటివి. అరసున్నతో ఒకసారి, లేకుండా ఒకసారి వెతకండి. పాత పుస్తకాల్లో "చూడఁ జూడ" అని ఉంటుంది, మనం "చూడ జూడ" అని కొడతాం. అలాగే గుఱ్ఱము, గుర్రము. "వినురవేమ" కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి.

అన్నీ చేసినా రాకపోతే సున్న చూడండి. అక్షరం పక్కన పెట్టే సున్న వేరు, తెలుగు అంకెల్లో సున్న వేరు. తెరమీద రెండూ ఒకలాగే ఉంటాయి, యంత్రానికి మాత్రం వేర్వేరు. స్కాన్ పేజీలనుంచి తీసిన పాఠంలో ఈ తికమకతోపాటు ప, వ, ష మధ్యా, మ, య మధ్యా పొరపాట్లు పడుతుంటాయి. అందుకే పాఠం దొరికాక పేజీ బొమ్మ తెరిచి కంటితో సరిచూడాలి. శతకాలకు వికీసోర్స్, ఆంధ్రభారతి మంచి మొదలు. ఆంధ్రభారతిలో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒక్కచోటే కనిపిస్తాయి, "రంహస్సు" లాంటి వాటికి అదే దారి.

సీతమ్మధార:
అడగని సంగతి ఒకటి. కింద "విశ్వదాభిరామ" ఉన్నంత మాత్రాన వేమన పద్యం అయిపోదు. "కాలం మారినా గుణం మారదయా" లాంటి పాదానికి మకుటం తగిలించి పంపుతుంటారు. "కాలం" రెండు గురువులు, మొదటి గణంలోనే పడిపోతుంది, అక్షరాలు లెక్కపెట్టే పని కూడా లేదు. కానీ ఛందస్సు తెలిసినవాళ్ళు ఇవాళ రాసినా గణాలు కుదురుతాయి. ఛందస్సు తప్పితే పాఠం చెడిందనో, పద్యం కల్పితమనో చెప్పొచ్చు. కుదిరితే వేమనదే అని మాత్రం చెప్పలేం. బ్రౌన్ 1829లో అచ్చువేసిన వేమన పద్యాలున్నాయి, తర్వాత వావిళ్ల వారి ప్రతులున్నాయి. వాటిలో ఉందో లేదో చూసి, ఏ ప్రతిలో ఎన్నో పద్యమో రాస్తేనే మాట నిలబడుతుంది.

మధురవాడ (డిగ్రీ విద్యార్థి):
అచ్చు ప్రతులు మన విశాఖపట్నంలో ఎక్కడ చూడొచ్చండీ?

పెదవాల్తేరు:
ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడుగు, తర్వాత ఆంధ్ర యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం. శతకం పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ప్రచురణ సంస్థ పేరు కూడా రాసుకుని వెళ్ళు. ముఖపత్రం, పద్యమున్న పేజీ, రెండూ ఫొటో తీసుకో. ముఖపత్రం లేని పేజీ ఫొటో ఏ ప్రతిదో తర్వాత నీకే తెలియదు. ఆ బొమ్మలు సరిదిద్ది మళ్ళీ పెట్టేటప్పుడు పద్యం కింద శతకం పేరు, పద్యం సంఖ్య, ప్రచురణ, ఏడాది రాయి. "కప్పురంబు" పక్కన కర్పూరం అని అర్థం కూడా ఇవ్వు, లేకపోతే పంచుకునేవాళ్ళలో ఎవరో ఒకరు మళ్ళీ దిద్దేస్తారు.