తల్లి ఈకలు పీకుతోంది, పిల్లలను ఇంకో జోడి కుండలో పెట్టొచ్చా?

పానగల్లు పిట్టలు (నల్గొండ)

అందరికీ నమస్తే. మా ఇంట్లో మూడు జోడీల బడ్జీలు ఉన్నాయి. మనవాళ్ళంతా లవ్ బర్డ్స్ అంటారు కదా, అవే. వేరు వేరు పంజరాలు, ఒక్కోదానికి ఒక కుండ కట్టాను.

నీలం ఆడది ఐదు గుడ్లు పెడితే నాలుగు పిల్లలయ్యాయి. పెద్దదానికి 19 రోజులు, చిన్నదానికి 11. నిన్నటి నుంచి తల్లే పిల్లల వీపు మీద ఈకలు పీకేస్తోంది. పెద్దదానికి మెడ దగ్గర రక్తం కూడా వచ్చింది. పక్క పంజరంలో ఆకుపచ్చ జోడికి రెండే పిల్లలు, 16, 14 రోజులవి. మూడో జోడి ఐదు గుడ్ల మీద కూర్చుని పది రోజులైంది కానీ, టార్చి పెట్టి చూస్తే అన్నీ ఉత్తవే, ఒక్కదాంట్లో కూడా ఎర్రటి నరాలు లేవు.

పిల్లలను తీసి ఆకుపచ్చ జోడి కుండలో పెట్టేయమంటాడు మా ఆయన. మా అత్తమ్మ వద్దంటోంది. మనిషి చెయ్యి తగిలిన పిచ్చుక పిల్లను మిగతా పిచ్చుకలు కలుపుకోవు, ఇవీ అంతే అంటోంది. నాకు రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

అక్కా, ఆలోచించకుండా మార్చేయండి. రేపటిదాకా ఆగొద్దు. ఈకలు పీకడం మొదలుపెట్టిన తల్లి దానంతట అది మానదు. ఇంకోసారి గుడ్లు పెట్టాలని తొందర, కుండ ఖాళీ చేయమని పిల్లలను తరుముతుంది.

మన ఊళ్ళలో ఇది కొత్తా? పొదుగుకొచ్చిన కోడి కింద గిన్నికోడి గుడ్లు వేస్తాం, బాతు గుడ్లు వేస్తాం. బాతు పిల్లలు నీళ్ళల్లోకి దిగితే గట్టు మీద కోడి ఎంత గోల చేస్తుందో చూడలేదా? దానికి అవి దాని పిల్లలే.

అత్తమ్మకు చెప్పండి, చెయ్యి తగిలితే బడ్జీలు పిల్లలను వదిలేయవు. నేను రోజూ కుండల్లో చెయ్యి పెట్టి చూస్తాను. వారం పది రోజుల వయసులో ఒక్కోదాన్ని పట్టుకుని కాలికి రింగు వేస్తాను. ఇప్పటిదాకా ఏ తల్లీ కాదనలేదు.

మార్చేది పొద్దున పూట మార్చండి. చీకట్లో తల్లి బెదిరి బయటికొస్తే మళ్ళీ కుండలోకి పోవడానికి దారి కనిపించదు, తెల్లారేసరికి పిల్లలు చల్లబడతాయి. మెడ కింద మేత సంచి నిండుగా ఉన్నప్పుడే తీయండి, కొత్త తల్లికి అలవాటయ్యేదాకా అదే ఆసరా. ఆకుపచ్చది తినడానికి బయటికి వచ్చినప్పుడు దాని పిల్లల మధ్యలోకి తోసేయండి, పక్కన పెట్టకండి. ఆ కుండలోని పొట్టు కొంచెం ఒంటికి రాస్తే ఇంకా మంచిది. ఇది నా అలవాటు, అవసరమో కాదో తెలియదు.

గడియారం సెంటర్ (నల్గొండ)

నేను ఒప్పుకోను. మా ఇంట్లో పదేళ్ళకు పైగా బడ్జీలు ఉన్నాయి. మొదట్లో నేనూ ఇదే చేశాను. ఏ తల్లి మేపకపోయినా పిల్లను తీసి ఇంకోదాని కింద పెట్టేవాణ్ణి. బతికేవి, కాదనను. ఆ పిల్లలు పెద్దయ్యాక జోడి కడితే వాటిలోనూ సగం మేపేవి కావు. మళ్ళీ మార్చడం, మళ్ళీ అదే తంతు. చివరికి మంచి తల్లులు రెండే మిగిలాయి, మిగతావన్నీ వాటి మీద పడి బతికేవి. ఆ రెండూ చిక్కి శల్యమయ్యాయి. మేపలేని తల్లి సంతానాన్ని మన చేత్తో మనమే పెంచుకుంటున్నాం, కాదా?

కోకిల గుడ్లను కాకి పెంచుతుంది, నిజమే. కోకిలకు మాత్రం గూడు కట్టడం రాకుండా పోయింది.

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

గడియారం సార్, మీ మాటకు గౌరవం. కానీ మేపకపోవడం రక్తంలోనే ఉంటుందని మీరెలా తేల్చారు? తొలిచూలు తల్లులు చాలావరకు తడబడతాయి, రెండోసారి బాగానే మేపుతాయి. మా దగ్గర ఒకామె పిల్లలు పుట్టినా ఒట్టి కొర్రలే వేసేది. ఉడికించిన గుడ్డు, మునగాకు, నానబెట్టిన సజ్జలు మొదలుపెట్టించాం. పీకుడు తగ్గింది. సముద్రపు నురుగు ముక్క, అంటే సున్నం కోసం పిట్టలు కొరికే కటిల్‌ఫిష్ ఎముక, పంజరానికి కట్టమన్నాను, ఆయుర్వేదం సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది. పైగా చాలామంది మే నెలలో, రేకుల షెడ్డు కింద, 44 డిగ్రీల ఎండలో కుండ కట్టేసి తల్లి మంచిది కాదంటారు.

గడియారం సెంటర్ (నల్గొండ)

ఎండకే చచ్చేదైతే ఆస్ట్రేలియాలో ఎట్లా బతికింది తమ్ముడూ? అది ఎండు నేలల పిట్ట. జాన్ గూల్డ్ 1840లో ఇంగ్లండుకు పట్టుకుపోయేదాకా చెట్టు తొర్రల్లోనే పిల్లలను చేసుకుంది. అక్కడ దాని పిల్లలను ఎవరు మార్చారు?

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

అక్కడ వాన పడి గడ్డి గింజ పట్టినప్పుడు గుడ్లు పెడతాయి సార్. ఎండ కాస్తే ఎగిరి ఇంకోచోటికి పోతాయి. మన పంజరంలోంచి ఎక్కడికి పోతాయి?

వనపర్తి పశువైద్యం (వనపర్తి)

మీ వాదనలో రోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడం, మార్చేముందు ఒకటి చూసుకోండి. మీ దగ్గర ఇంతకుముందు పుట్టిన పిల్లల్లో రెక్క ఈకలు, తోక ఈకలు రాలిపోయి ఎగరలేక నేల మీద పరుగెత్తేవి ఉన్నాయా? రెండు వారాల్లోపు పిల్లలు పొట్ట ఉబ్బి ఉన్నట్టుండి చనిపోయాయా? అలా ఉంటే పాలియోమా వైరస్ అని అనుమానించాలి. పెద్ద పిట్టలు చూడ్డానికి నిక్షేపంగా ఉంటూనే అంటిస్తాయి. ఇంకోటి మెగాబ్యాక్టీరియా. పేరుకు బ్యాక్టీరియా కానీ నిజానికి అదొక ఫంగస్. పిట్ట రోజంతా తింటూనే ఉంటుంది, ఎముక తేలుతుంది, రెట్టలో గింజలు అరగకుండానే పడతాయి. బడ్జీ తన మేత సంచిలోది కక్కి పిల్ల నోట్లో పెడుతుంది. ఒక కుండ నుంచి ఇంకో కుండకు పిల్లను మార్చారంటే అది మోసుకొచ్చిందంతా అక్కడి తల్లికీ పిల్లలకూ పంచినట్టే. గుడ్డు మారిస్తే ముప్పు తక్కువ, అసలు లేకపోదు.

రెండు జోడీలూ ఒకే చోట కొన్నవేనా? ఎన్నాళ్ళుగా పక్కపక్కనే ఉన్నాయి?

పానగల్లు పిట్టలు (నల్గొండ)

ఒకే దుకాణం సార్, ఏడాది దాటింది. అన్నీ ఒకే వరండాలో ఉంటాయి. ఈకలు రాలినవి లేవు, చిక్కిపోయినవి లేవు. నీలందానికి ఇది రెండో ఈత. మొదటిసారి బాగానే పెంచింది.

వనపర్తి పశువైద్యం (వనపర్తి)

అయితే ఆ భయం కొంత తగ్గినట్టే. కొత్తగా హైదరాబాద్ ముర్గీ చౌక్ పిట్టల బజారు నుంచో సంత నుంచో తెచ్చిన జోడి పిల్లలైతే మాత్రం నేను ముట్టుకోనివ్వను.

మిర్యాలగూడ మిల్లు (మిర్యాలగూడ)

మూడో జోడి ఖాళీగానే ఉంది కదా, చిన్నదాన్ని దాని కింద పెడితే పోలా? ఉత్త గుడ్లు తీసి పారేసి పిల్లను పెట్టండి, దానికీ సంతోషం.

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

మిల్లు అన్నా, అక్కడే పొరపాటు. పొదుగు 18 రోజులు, అది ఇంకా పదో రోజులో ఉంది. దానికి తోడు పుట్టిన రోజు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, కడుపులో ఊరే పాలలాంటి పల్చటి మేత పోస్తుంది. పెద్దయ్యేకొద్దీ గింజలు కలుస్తాయి. ఇప్పుడు 11 రోజుల పిల్లను చూపిస్తే మేపొచ్చు, మేపకపోవచ్చు, పొడిచి చంపినా చంపొచ్చు. దాని కింద పెట్టాలంటే పది రోజులు పొదిగిన మంచి గుడ్లే పెట్టాలి. రెండు మూడు రోజులు అటూ ఇటూ పర్వాలేదు, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. అవి మన దగ్గర లేవు. ఉత్త గుడ్లు కూడా ఇప్పుడే తీయకండి. విసుగొచ్చి అదే లేచేదాకా కూర్చోనివ్వండి. తీసేస్తే వారం పది రోజుల్లో మళ్ళీ పెట్టడం మొదలుపెడుతుంది, ఒంట్లో సున్నమంతా గుడ్లకే పోతుంది. చివరికి గుడ్డు ఇరుక్కుని చచ్చేది తల్లి.

గడియారం సెంటర్ (నల్గొండ)

ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. మంచి రంగు పడిందని ఒకే ఆడదాని గుడ్లను ఎప్పటికప్పుడు వేరేవాటి కింద పెట్టి, దాంతో ఏడాదికి నాలుగు ఈతలు పెట్టించేవాళ్ళను చూశాను. దాన్ని పెంపకం అనను నేను.

అమ్మా, నా మాట వినండి. మార్చాల్సింది పిల్లలను కాదు, తల్లిని. నీలందాన్ని తీసి వేరే పంజరంలో పెట్టండి. పెద్ద పిల్లలు మూడూ రెండు వారాలు దాటాయి కాబట్టి తండ్రి ఒక్కడే మేపగలడు. ముందు వాడు మేపుతున్నాడో లేదో ఒక పూట గమనించండి.

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

ఇది నాకు తట్టలేదు. కానీ సార్, 11 రోజుల దానికి సరిగ్గా ఈకలు లేవు, ఇది చలికాలం. మగది రాత్రి కుండలో కూర్చోదు.

గడియారం సెంటర్ (నల్గొండ)

అన్నలు ముగ్గురూ మీద పడి పడుకుంటారు. అయినా భయమైతే ఆ ఒక్కదాన్ని మార్చుకోండి, దానికి నేను అడ్డురాను. ఆ పిల్లను మాత్రం రేపు గుడ్లకు పెట్టకండి.

మిర్యాలగూడ మిల్లు (మిర్యాలగూడ)

మార్చినదానికి రింగు వేసి నోటుబుక్కులో రాసుకోండి అక్కా. నేను రాయలేదు. ఆర్నెల్లకు అన్నాచెల్లెళ్ళనే జోడి కట్టి ఒకాయనకు ఇచ్చేశాను. తర్వాత తెలిసి తల తీసేసినట్టయింది.

పానగల్లు పిట్టలు (నల్గొండ)

ఐదు రోజులైంది, ఏం జరిగిందో చెప్తాను. తండ్రి మేపుతున్నాడని చూసుకున్నాకే నీలందాన్ని వేరు చేశాను. ముగ్గురు పెద్దవాళ్ళనూ వాడే మేపుతున్నాడు. పొద్దున లేచేసరికి గిన్నె దగ్గరే ఉంటున్నాడు, మనిషి సగమయ్యాడు పాపం. వాడికి రోజుకు రెండుసార్లు ఉడికించిన గుడ్డు పెడుతున్నాను.

చిన్నదాన్ని పొద్దున ఏడింటికి ఆకుపచ్చ జోడి కుండలో పెట్టాను. అది తెల్లది, ఆకుపచ్చ పిల్లల మధ్య ఇట్టే కనిపిస్తుంది. మొదటి రోజు సాయంత్రం మేత సంచి ఖాళీ. ఏడుపొక్కటే తక్కువ నాకు. వెనక్కి తెచ్చేద్దామా అనుకున్నాను కానీ, ఆకుపచ్చది దాన్ని రెక్క కింద పెట్టుకుని కూర్చుంది, అందుకే ఆగాను. మర్నాడు పొద్దున చూస్తే సంచి నిండుగా, గింజలు బయటికే కనిపిస్తున్నాయి. ఇప్పుడు మిగతా రెండింటి కంటే ఇదే గట్టిగా అరుస్తోంది. మా అత్తమ్మ వచ్చి చూసి, పిచ్చుకల సంగతి వేరులే అంది.

పాలమూరు పంజరం (మహబూబ్‌నగర్)

చెప్పాను కదా! నీలందానికి మళ్ళీ కుండ ఎప్పుడు కడతారు? రెండు నెలలు ఆగి, గుడ్డు, మునగాకు పెట్టి ఒకసారి చూడండి. మొదటి ఈత బాగా పెంచిందన్నారుగా.

గడియారం సెంటర్ (నల్గొండ)

ఇంకొక్కసారి, నేనూ సరేనంటాను. అప్పుడూ పీకితే ఇక దానికి కుండ లేదు. అందమైన పిట్ట, ఊరికే ఉండనివ్వండి.

పానగల్లు పిట్టలు (నల్గొండ)

కుండ తీసి మేడ మీద బోర్లించాను సార్. వచ్చే దసరా దాకా ఎవరికీ కట్టను. అదేమో కొత్త పంజరంలో నీళ్ళ గిన్నెలో కూర్చుని గుడ్లు పెట్టాలని చూస్తోంది.