గర్భసంచి ఆపరేషన్ తరువాత కలయికలో నొప్పి: ఇది నా ఒక్కదానికేనా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
నాకు 41 ఏళ్లు. మూడేళ్ల క్రితం సరిహద్దు దాటి ఆంధ్రలో ఆపరేషన్ చేయించుకున్నాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అప్పటి నుంచి కోరిక లేదు, కలయిక వేళ పొడిబారి మంట పుడుతుంది. మా వారు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తారు. ఏడాదికి రెండుసార్లు ఆయన వచ్చే ఆ పది రోజులూ నాకు భయంతోనే గడుస్తాయి. ఇక్కడి డాక్టరమ్మకు తెలుగు రాదు. నాకు బజారుకు సరిపోయే ఒడియా వచ్చు గాని, ఈ సంగతి చెప్పుకునేంత రాదు. మొన్న మాట సాయానికి మా పద్నాలుగేళ్ల అబ్బాయిని తీసుకువెళ్లి, వాడు పక్కనే నిలబడి ఉండగా నోరు రాక, నడుం నొప్పి అని చెప్పి బిళ్లలు రాయించుకుని వచ్చేశాను. ఇటువంటి ఇబ్బంది ఎంతమందికి ఉంటుంది? ఎందువల్ల వస్తుంది?

జవాబు (బరంపురం నుంచి, నర్సు):
అమ్మా, మీరు ఒంటరి కారు. వేలూరులో ఒక ఆసుపత్రికి వచ్చిన 149 మంది వివాహితలను 19 ప్రశ్నల పట్టికతో అడిగి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 73 శాతం మందికి ఏదో ఒక లైంగిక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. వయసు నలభై దాటడం, చదువు తక్కువ కావడం అందులో ముఖ్యమైన కారణాలుగా కనిపించాయి. చదువు లేనివారికి బాధ చెప్పుకోవడానికి మాట దొరకదు, అందుకే అది ముదురుతుందని నా నమ్మకం. అయితే ఆ అంకె ఊరందరికీ వర్తించేది కాదు, ఆసుపత్రికి వచ్చినవారిది. అమెరికాలో 2008లో వెలువడిన పెద్ద సర్వేలో ఇబ్బంది ఉన్నవారు నూటికి 40కి పైగా ఉన్నా, దానివల్ల మనసు కూడా బాధపడుతున్నవారు సుమారు 12 మందే. ఇబ్బంది కనీసం ఆరు నెలలుగా సాగుతూ, ఆ స్త్రీని బాధిస్తేనే వైద్యులు దానిని రుగ్మతగా లెక్కిస్తారు.

జవాబు (గుణుపురం నుంచి):
అక్కా, అండాశయాలు తీసేస్తే అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, దానితో యోని లోపలి పొర పలచబడి పొడిబారుతుంది. ఒకసారి నొప్పి పుట్టాక మళ్లీ పుడుతుందన్న భయానికి కండరాలు బిగుసుకుని నొప్పి ఇంకా పెరుగుతుంది. దీనిని మీ మొండితనమని ఎవరూ అనకూడదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3 శాతం పైచిలుకు ఉండగా, ఆంధ్రలో దాదాపు 9 శాతం ఉన్నారు. వారిలో ఎందరికి ఈ సంగతి ముందుగా చెప్పి ఉంటారు? షుగర్, థైరాయిడ్, డిప్రెషన్, దానికి వాడే కొన్ని మందులు కూడా కారణం కావచ్చు, కానీ ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు. జారుడుకు వాడే జెల్, లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీము చాలామందికి ఉపశమనం ఇస్తాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నవారు ఆ క్రీము వాడేముందు డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి.

జవాబు (బరంపురం నుంచి, నర్సు):
ఒడియాలో “సొహొబాసొ బేళె కొష్టొ హెఉఛి” (కలయిక వేళ బాధగా ఉంటోంది) అంటే చాలు, డాక్టరమ్మకు అర్థమవుతుంది. ఆపరేషన్ కాగితాలు కూడా తీసుకువెళ్లండి.

ప్రశ్న వేసినవారు:
ఆ మాటను తెలుగు అక్షరాలలో చీటీ మీద రాసుకున్నాను. షుగర్ బిళ్లలు రెండేళ్లుగా వాడుతున్నానని ఇక్కడ చెప్పడం మరిచాను, అదీ కింద రాశాను. అబ్బాయి బడిలో ఉండే వేళ చూసుకుని బుధవారం వెళతాను.