డార్విన్ వచ్చాక కూడా ‘కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే’ అనొచ్చా?

ప్రొద్దుటూరు బయాలజీ: కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకు కర్త ఉన్నాడని న్యాయ దర్శన పండితుడు ఉదయనాచార్యుడు వాదించాడు. ఇంగ్లండు మతాచార్యుడు పేలీ 1802లో గడియారం చూపించి అదే అన్నాడు. 1859లో డార్విన్ పుస్తకంతో ఆ వాదానికి కాలు విరిగిందంటాను. కుండ పిల్లల్ని పెట్టదు. ప్రాణి పెడుతుంది, పిల్లల్లో తేడాలుంటాయి, తట్టుకున్నవి మిగుల్తాయి.

పెన్న ఒడ్డు: కన్ను సంగతి చెప్పండి సార్. సగం కన్నుతో ఏం లాభం?

ఆదోని పత్తి: గుడ్డి కంటే మేలే కదన్నా. మా చేలో గులాబీ పురుగును చూడు. 2002లో బీటీ విత్తనం, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే పత్తి, వచ్చిన కొత్తలో కాయ తొలిస్తే చచ్చేది. ఇప్పుడు పచ్చికాయ చీలిస్తే లోపల గింజ తింటా ఉంటుంది. విషం తట్టుకున్న పురుగుల సంతానమే మిగిలింది. రెండేళ్లు పంట పోయింది, పైసా పరిహారం రాలేదు.

పెన్న ఒడ్డు: పురుగు పురుగుగానే ఉంది కదా. కన్ను గురించి అడిగాను.

ప్రొద్దుటూరు బయాలజీ: వెలుతురు తెలిసే మచ్చ, గుంట, సన్న రంధ్రం, కటకం. ఈ దశలన్నీ ఇప్పటి జీవుల్లోనే ఉన్నాయి. మన కంట్లో నరాలు రెటీనా (కంటి వెనక వెలుతురు పట్టే తెర) ముందు నుంచి పోతాయి, అవి బయటికెళ్లే చోట చూపుండదు. ఆక్టోపస్‌కు ఆ లోపం లేదు.

పెన్న ఒడ్డు: ఆక్టోపస్ నీళ్లలో చూసేది. మనకు అలా పెట్టడానికి కారణం ఉండొచ్చు.

కడప అమ్మ: 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పరిణామం తీసేశారు. మా పాపకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రొద్దుటూరు బయాలజీ: కారణమా? స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమనిని చుట్టి మళ్లీ పైకొస్తుంది. జిరాఫీకి మీటర్ల కొద్దీ చుట్టు. చేపల్లో అది తిన్నని దారి, మెడ పెరిగేసరికి అలా ఇరుక్కుంది. పైకొచ్చేది థైరాయిడ్ వెనక నుంచి. మా అమ్మకు ఆపరేషన్‌లో ఆ నరమే దెబ్బతింది. నలభై ఏళ్లు భజనలో ముందు పాడిన మనిషి ఫోన్‌లో ‘నాయనా’ అంటే గాలే వినబడుతుంది. ఇది ఒకరు గీసిన ప్లాన్ అయితే ఆయన నాకు జవాబు చెప్పాలి.

పెన్న ఒడ్డు: కోసిన డాక్టర్‌ని అడగండి, దేవుణ్ణెందుకు?

ప్రొద్దుటూరు బయాలజీ: మా అమ్మ విషయంలో నోరు అదుపులో పెట్టుకోండి.

ఆదోని పత్తి: ఇద్దరూ ఆగండప్పా.

పెన్న ఒడ్డు: తప్పు మాట అన్నాను, మన్నించండి సార్. మా చిన్నోడు పదకొండేళ్లకే లుకేమియాతో పోయాడు. కణం చీలేటప్పుడు పొరపాటు జరిగిందన్నారు. పరిణామం నడిచేదీ అలాంటి పొరపాట్లతోనే అంటారు కదా మీరు. పురుగు మారిందంటే ఒప్పుకుంటా, కన్ను మెల్లగా వచ్చిందన్నా ఒప్పుకుంటా. వాడు పోయింది ఉత్త పొరపాటంటే నావల్ల కాదు. వాణ్ణి ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి నేను.

ప్రొద్దుటూరు బయాలజీ: దానికి డార్విన్ దగ్గర జవాబు లేదు సార్, నేనూ చెప్పలేను. కన్ను చూపించి దేవుణ్ణి రుజువు చేయొద్దనేదే నా మాట. నాకేమో పొరపాటంటేనే ఊపిరాడుతుంది. ఆ గొంతు ఎవరో కావాలనే తీసుకున్నారంటే తట్టుకోలేను. అమ్మ మాత్రం రోజూ దీపం పెట్టి పెదాలు కదుపుతూ కూర్చుంటుంది.