యూ డోంట్ నో జాక్: కమ్యూనిటీ హాల్లో పన్నెండు మందితో ఎలా ఆడించాలి? తెలుగు ప్రశ్నలు కుదురుతాయా?

పటమట_బజర్

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో యూ డోంట్ నో జాక్ అనే హాస్య క్విజ్ వీడియో గేమ్ ఆడిద్దామనుకుంటున్నాం. పన్నెండు మంది దాకా వస్తారు. ఇంజనీరింగ్ పిల్లల నుంచి రిటైరైన మాస్టార్ల వరకు అన్ని వయసులవాళ్లూ ఉంటారు. పెద్ద టీవీ, విండోస్ ల్యాప్‌టాప్, వైఫై ఉన్నాయి. ఈ సిరీస్‌లో ఏ భాగం కొనాలి? అందరి ఫోన్లలో యాప్ వేయించాలా? ఇంకో సంగతి, ప్రశ్నలన్నీ అమెరికా టీవీ షోల మీద, అక్కడి సరుకుల మీద ఉంటాయి కదా, మనవాళ్లకి ఎక్కుతాయా? అదే ధోరణిలో తెలుగులో రాసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

లబ్బీపేట_క్విజ్

ముందు ఏది కొనాలో చెప్తానండి. 1995లో మొదలైన పాత భాగాలు కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో దొరుకుతాయి. వాటిలో ఒకే కీబోర్డు మీద ముగ్గురే ఆడాలి, క్యూ, బీ, పీ అక్షరాలే బజర్లు. పన్నెండు మందికి అవి పనికిరావు. తర్వాతి భాగాలు జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్‌లలో, అంటే కొన్ని గేములు కలిపి అమ్మే కట్టల్లో వచ్చాయి. మొదటి ప్యాక్‌లో ఉన్న 2015 భాగంలో నలుగురికే చోటు. మీకు కావాల్సింది 2018లో వచ్చిన పార్టీ ప్యాక్ 5. అందులో ఈ సిరీస్ భాగం పేరు ఫుల్ స్ట్రీమ్, దాన్ని ఎనిమిది మంది ఆడొచ్చు. మిగతా నలుగురిని ప్రేక్షకులుగా చేర్చండి, లేదా ఇద్దరికో ఫోన్ ఇచ్చి ఆరు జట్లు చేయండి. నా ఓటు జట్లకే. పెద్దవాళ్ల పక్కన ఒక కుర్రాడు కూర్చుంటే ఇంగ్లీషు గబగబా చదవడం సమస్య కాదు.

గేమ్ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలు. ఎవరి ఫోన్‌లోనూ యాప్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో జాక్‌బాక్స్ డాట్ టీవీ తెరిచి, టీవీ మీద కనపడే నాలుగక్షరాల కోడ్, పేరు కొడితే లోపలికి వచ్చేస్తారు. అందరూ ఒకే వైఫైలో ఉండాల్సిన పని లేదు, మొబైల్ డేటా సరిపోతుంది. హాల్లో వైఫై బలహీనంగా ఉంటే దాన్ని ల్యాప్‌టాప్‌కే వదిలేసి ఫోన్లన్నీ డేటా మీద పెట్టించండి.

ఎక్కువగా దెబ్బతినేది శబ్దం దగ్గర. ఈ గేమ్‌కి ప్రాణం వ్యాఖ్యాత కుకీ మాస్టర్సన్ గొంతు. ప్రశ్న తెర మీద కనపడినా సగం హాస్యం ఆయన మాటల్లోనే ఉంటుంది. హెచ్‌డీఎంఐ తగిలించాక విండోస్‌లో సౌండ్ అవుట్‌పుట్ టీవీకి మారిందో లేదో చూసుకోండి. బ్లూటూత్ స్పీకర్ వద్దు, మాట ఆలస్యంగా వస్తుంది. త్వరగా చెప్పినవాళ్లకి ఎక్కువ డబ్బు పడే ఆట కాబట్టి ఆ ఆలస్యం గొడవలకు దారితీస్తుంది. వైరు స్పీకర్ పెట్టండి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అది కూడా ఆన్ చేయండి.

కృష్ణలంక_కార్నర్

కరెంటు సంగతి కూడా చూసుకోండి. కోడ్‌తో అందరూ చేరే ఆట ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. ల్యాప్‌టాప్ ఆగిందా, ఆట మొత్తం పోయినట్టే. ఛార్జింగ్ నింపి, రూటర్‌కి చిన్న యూపీఎస్ తగిలించండి. ఆటగాడి ఫోన్ ఆగితే మాత్రం ఫర్వాలేదు. అదే ఫోన్‌లో అదే బ్రౌజర్‌తో, అదే కోడ్, అదే పేరుతో మళ్లీ లోపలికి రావొచ్చు. మొదలుపెట్టే ముందు అందరి ఫోన్లలో స్క్రీన్ టైమౌట్ పెంచించండి.

బ్రాడీపేట_4బై14

గుంటూరు నుంచి. తెలుగు ప్రశ్నల గురించి నేను రాస్తాను, అసలు సరుకంతా అక్కడే ఉంది.

అమెరికా ప్రశ్నలు మనవాళ్లకి సగమే అందుతాయి. కానీ ప్రశ్నను అల్లే పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుంది. ఆ పద్ధతిలో విషయం నిఖార్సుగా ఉండాలి, హాస్యమంతా దాన్ని చుట్టిన తీరులో ఉండాలి. "ప్రకాశం బ్యారేజీకి ఎన్ని గేట్లు?" అని అడిగితే పోటీ పరీక్ష పేపరు అవుతుంది. ఇలా అడగండి: "దుర్గమ్మ దర్శనం చేసుకున్న ఒకాయన బ్యారేజీ మీద నడుస్తూ గేటుకో రూపాయి చొప్పున కృష్ణమ్మకి సమర్పించాడు. బయల్దేరినప్పుడు జేబులో వంద ఉంటే, అవతలి గట్టు మీద టీకి ఎంత మిగిలింది?" గేట్లు 70, కాబట్టి మిగిలింది 30. ఆప్షన్లు: 30, 50, 12, "టీ కొట్టు దగ్గర అప్పు". ప్రతి తప్పు జవాబుకీ వ్యాఖ్యాత నోట ఒక్కో మాట విడిగా రాసిపెట్టుకోండి. జవాబును బట్టి కుకీ మాట మారుతుంది, అందుకే ఓడినవాడు కూడా నవ్వుతాడు. ప్రశ్నకి ఒక వాక్యం రాస్తే జవాబులకి నాలుగు వాక్యాలు రాయాలి. ఈ పనిలో బద్ధకిస్తే ఆట చప్పబడిపోతుంది.

ఒక్కో పేరు ఇదా, అదా, రెండూనా అని తేల్చే డిస్‌ఆర్‌డాట్ రౌండ్ మనకి బాగా నప్పుతుంది. ఏడు పేర్లు, 30 సెకన్లు. గుంటూరోళ్ల కోసం "మిర్చి రకమా, ఊరా, రెండూనా?" అని పెట్టండి. వరుస ఇదీ: తేజ, కొల్లిపర, బ్యాడిగి, చపాటా, దుగ్గిరాల, అర్మూర్, సన్నం. తేజ, చపాటా, సన్నం మిర్చి రకాలు. కొల్లిపర, దుగ్గిరాల ఊళ్లు. బ్యాడిగి కర్ణాటకలో ఊరు, అర్మూర్ నిజామాబాద్ జిల్లాలో ఊరు, ఈ రెండు పేర్లతో మిర్చి కూడా ఉంది. దుగ్గిరాలను కావాలనే పెట్టాను. అక్కడి పసుపు యార్డు అందరికీ తెలుసు కాబట్టి చెయ్యి మిర్చి వైపు లాగుతుంది. "రెండూ" అనే జవాబు రెండుసార్లకి మించితే ఆ రౌండ్ తేలిపోతుంది.

గిబ్బరిష్ ప్రశ్న తెలుగులో ఇంకా అందంగా వస్తుంది, ఎందుకంటే మనకి ప్రాస ఉంది. అర్థం లేని వాక్యం చెప్పి, దాని లయలో దాగిన అసలు వాక్యాన్ని పట్టుకోమంటారు. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు తగ్గుతుంది. పిల్లలకి "ఆకాశం గ్యారేజీ" ఇవ్వండి, ప్రకాశం బ్యారేజీ అని వెంటనే అరుస్తారు. పెద్దవాళ్లకి "కడగందే బొమ్మైనా కట్టదు". సూచన: ఆకలేసినా నోరు మూసుకుని కూర్చున్నవాడికి ఇదే గతి. జవాబు "అడగందే అమ్మైనా పెట్టదు". ప్రతి మాటలో రెండో అక్షరం నుంచి చివరి వరకు అలాగే ఉంచి, మొదటి అక్షరం మాత్రం మార్చండి. రెండో అక్షరం చెడితే చెవికి ఆనదు, ఎవరూ పట్టుకోలేరు.

పటమట_బజర్

బ్రాడీపేట గారూ, ఇదే కావాల్సింది. చివర్లో వచ్చే జాక్ అటాక్ కూడా పవర్‌పాయింట్‌లో చేయొచ్చా? బజర్లకి ఏం వాడాలి?

బ్రాడీపేట_4బై14

చేయొచ్చండి. మధ్యలో ఒక మాట నిలబడి ఉంటుంది, చుట్టూ మాటలు వచ్చిపోతుంటాయి, జత కుదిరినప్పుడు బజర్ కొట్టాలి. తప్పు కొడితే ఎంత వస్తుందో అంతా కోత. మీకు ఏడు జతలు: నూజివీడు మామిడి, కొండపల్లి బొమ్మలు, మంగళగిరి చీరలు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, బందరు లడ్డూ, దుగ్గిరాల పసుపు. మధ్యలో ఎప్పుడూ ఊరినే పెట్టండి, సరుకును కాదు. "చీరలు" మధ్యలో పెడితే మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి మూడూ సరైనవే, ఇక హాల్లో పంచాయితీ తెగదు. బందరు దగ్గర కలంకారీ కూడా తిప్పొద్దు, అది కూడా నిజమే కాబట్టి.

జతకో స్లైడ్ చేయండి. ట్రాన్సిషన్స్‌లో మౌస్ క్లిక్ టిక్ తీసేసి, ఆఫ్టర్ దగ్గర 2 సెకన్లు పెట్టండి. ఎవరైనా బజర్ కొట్టగానే మీరు ఎస్ నొక్కితే స్లైడ్లు ఆగుతాయి, మళ్లీ ఎస్ నొక్కితే కదులుతాయి. తెలుగు అక్షరాలకి నిర్మలా యూఐ వాడండి, అది విండోస్‌తోనే వస్తుంది. వేరే ఫాంట్ పెట్టి ఇంకో ల్యాప్‌టాప్‌లో తెరిస్తే స్లైడ్ అమరిక మారిపోవచ్చు.

లబ్బీపేట_క్విజ్

బజర్లకి పాత గేమ్‌లోలాగే మూడు జట్లకి క్యూ, బీ, పీ పెట్టుకోండి. కానీ స్లైడ్లు నడిచే ల్యాప్‌టాప్ మీద మాత్రం వద్దు. పవర్‌పాయింట్ షోలో బీ నొక్కితే తెర నల్లబడుతుంది, పీ నొక్కితే వెనకటి స్లైడ్‌కి పోతుంది. రెండో ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కీబోర్డు తగిలించి నోట్‌ప్యాడ్ తెరవండి. ముందు ఏ అక్షరం పడితే ఆ జట్టుదే అవకాశం. ప్రతి జవాబు తర్వాత ఎంటర్ కొడితే కొత్త వరుస మొదలవుతుంది, ఎవరు ముందన్న రికార్డు కూడా మిగులుతుంది. ఆ కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు లేఅవుట్ ఆఫ్ చేసి ఉంచండి, లేకపోతే మూడు అక్షరాలూ వేరేగా పడతాయి.