బిల్ ఆఫ్ లేడింగ్: రసీదు అంటే సరిపోతుందా?

ప్రశ్న: 1856 నాటి ఇండియన్ బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది కదా, దాని మీద వ్యాసం రాస్తున్నాను. సరుకు ఓడకెక్కించుకున్నాక ఓడవాళ్లు ఇచ్చే పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌ను ‘సరుకు రవాణా రసీదు’ అనవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: వద్దండీ. సరుకు ముట్టిందని రాసిచ్చేది రసీదు. ఈ పత్రం ఆ పని చేస్తుంది, రవాణా ఒప్పందానికి సాక్ష్యంగానూ నిలుస్తుంది. కానీ దాని అసలు బలం వేరే ఉంది. గుంటూరు మిర్చి చెన్నై రేవులో ఓడకెక్కిందనుకోండి. ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగానే ఎగుమతిదారు పత్రం వెనుక సంతకం చేసి, బ్యాంకు ద్వారా కొనుగోలుదారుకు పంపిస్తాడు. ఆయన కూడా అలాగే సంతకం చేసి మరొకరికి అమ్ముకోవచ్చు. ఒక్క బస్తా కదలదు, సరుకు మాత్రం చేతులు మారుతుంది. సాధారణంగా అసలు ప్రతులు మూడు ఇస్తారు. వాటిలో ఒకటి చూపి సరుకు విడిపించుకుంటే మిగతా రెండూ చెల్లవు. మామూలు రసీదుకు ఇంత శక్తి ఎక్కడిది?

1856 చట్టం పీఠిక చూడండి. వర్తకుల ఆచారం ప్రకారం ఆ సంతకంతో సరుకు మీద హక్కు కొన్నవాడికి వెళ్లేది, ఒప్పందం మీది హక్కులు మాత్రం మొదట సరుకు పంపినవాడి దగ్గరే ఉండిపోయేవి. అంటే సరుకు తడిసి చేరితే, డబ్బు పెట్టి కొన్నవాడు ఆ ఒప్పందం పేరు చెప్పి ఓడవాళ్లను నిలదీయలేడు! మూడే సెక్షన్ల ఆ చట్టం ఒప్పందం మీది హక్కులు కూడా కొన్నవాడికే వెళ్లేలా చేసి ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. కొత్త చట్టం భాషను సులువు చేసింది, ఆదేశాలిచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కల్పించింది, ఆ మూలసూత్రాన్ని మాత్రం అలాగే ఉంచింది. మనం పెట్టే పేరులో అదే వినబడాలి. ‘ఓడసరుకు హక్కుపత్రం’ అని నా సూచన.

మరొకరు: రేవుల్లో అందరూ ‘బి.ఎల్.’ అనే అంటారు. కొత్త మాట ఎందుకండీ?

జవాబు: రేవులో అదే ఉండనివ్వండి. వ్యాసం చదివే రైతుకు, చిన్న ఎగుమతిదారుకు బి.ఎల్. అంటే ఏం తెలుస్తుంది? మొదటిసారి తెలుగు పేరు రాసి వివరించి, తర్వాత బి.ఎల్. అనండి. సముద్ర వ్యాపారపు న్యాయం తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. ఓడ పగిలినా సరుకు లాక్కోం, నిర్ణీత సుంకమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో వర్తకులకు అభయమిచ్చాడు.

ఇంకో మాట. సీ వేబిల్ అనే ఓడ రవాణా పత్రం వేరే ఉంది. దాన్ని సంతకంతో చేతులు మార్చడం కుదరదు. మీ ‘రవాణా రసీదు’ దానికైతే చక్కగా అతుకుతుంది. పేరులో ‘కాగితం’ అన్న మాట మాత్రం రానివ్వకండి: బ్రిటన్ 2023లోనే ఎలక్ట్రానిక్ వాణిజ్య పత్రాలకు కాగితంతో సమానమైన హోదా ఇచ్చింది.