పిచించా మీద కనిపించిన వాన కప్ప ఇంటిపేరు ఏది?

ప్రశ్న:
పని మీద ఈక్వెడార్ వెళ్లినప్పుడు, ఒక ఆదివారం క్విటోలో కేబుల్ కారెక్కి పిచించా కొండ మీదికి పోయాను. దిగేచోటే దాదాపు 4,000 మీటర్లు. నాలుగడుగులకే ఆయాసం. గడ్డి దుబ్బు పక్కనున్న రాయిని జరిపి కూర్చోబోతే దాని కింద బొటనవేలంత కప్ప! ముదురు గోధుమ రంగు, కురచ కాళ్లు. గెంతలేదు, బద్ధకంగా నడిచిపోయింది. గైడు ‘వాన కప్ప’ అని చెప్పి, ప్రిస్టిమాంటిస్ కర్టిపెస్ అని కాగితం మీద రాసిచ్చాడు. ఇంటికొచ్చి పాత పుస్తకం తీస్తే అదే కప్ప ఎల్యూథెరోడాక్టిలస్ కింద ఉంది. నెట్టులో వాన కప్ప అని వెతికితే బూరెలా పొంగిన ఆఫ్రికా కప్ప వస్తోంది. ఏది నమ్మాలి? చుట్టుపక్కల నీటి గుంట కూడా లేదు, మరి గుడ్లు ఎక్కడ పెడుతుంది?

జవాబు 1 (జంతుశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి):
కప్ప ఒకటే, ఇంటిపేరు, అంటే ప్రజాతి పేరు, మారింది. 1882లో బూలెంజర్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని హైలోడిస్ అన్నారు. తర్వాత ఎల్యూథెరోడాక్టిలస్‌లో చేర్చారు. అది వందల జాతుల ఉమ్మడి కుటుంబమైపోయింది. డీఎన్ఏ పరిశీలించాక 2007, 2008లో వాటాలు పంచారు. ఆండీస్ పర్వతాల కప్పల వాటాకు, 1870లోనే పెట్టి మూలన పడేసిన ప్రిస్టిమాంటిస్ పేరు దక్కింది. ఇప్పుడు అందులోనే 600కు పైగా జాతులు. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత పెద్ద ప్రజాతి ఇంకొకటి లేదు. ఈ ప్రజాతిని క్రాగాస్టోరిడే అనే శాస్త్రీయ కుటుంబంలో పెట్టాలా, స్ట్రాబోమాంటిడేలోనా అన్న తగాదా వేరే ఉంది. మీరు పరీక్ష రాయడం లేదుగా, వదిలేయండి.

ఆఫ్రికా కప్ప బ్రెవిసెప్స్. పేరు కలిసిందే గాని చుట్టరికం లేదు. ఒకప్పుడు దాన్ని, మన దగ్గర తొలకరికి నేలలోంచి పైకొచ్చే ఉబ్బు కప్పల కుటుంబంలో లెక్కవేసేవారు.

జవాబు 2:
కర్టిపెస్ అంటేనే కురచ పాదం. ఈక్వెడార్‌లోనూ, దాన్ని ఆనుకున్న దక్షిణ కొలంబియాలోనూ ఉంటుంది. 2,750 నుంచి 4,400 మీటర్ల దాకా, ఎక్కువగా పారమో అనే చలి గడ్డినేలల్లో. నీటి గుంటతో దానికి పని లేదు. గుడ్లు తడి నేలలో పెడుతుంది. తోకకప్ప దశ గుడ్డులోనే గడిచిపోతుంది, బయటికొచ్చేది బుల్లి కప్పే. అయినా ఆ ఎత్తుల్లో మరికొన్ని ప్రిస్టిమాంటిస్‌లూ ఉన్నాయి. మీరు ఫోటో తీసుంటే చూడండి, వేళ్ల చివర బిళ్లలు కనిపిస్తున్నాయా?

అడిగినవారు:
ఫోటోలో వేళ్లన్నీ గడ్డిలో ఉన్నాయి, వీపు మాత్రమే కనిపిస్తోంది.

జవాబు 1:
అయితే గైడు మాటే ఖాయం చేసుకోండి, రోజూ చూసేవాడు. ఇంతకీ ఆ రాయిని తిరిగి అక్కడే పెట్టారా?

అడిగినవారు:
పెట్టానండీ. ఒకవైపు కాస్త ఎత్తుగా మిగిలిపోయింది.