పడవలో ఐస్‌బాక్సులోని ఐస్ రెండు రోజులు నిలవాలంటే ఏం చేయాలి?

రాయపురం వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను చెన్నైలోని రాయపురంలో ఉంటాను. జూన్ 14తో వేట నిషేధం ముగిసిన తరువాత నేనూ నా మిత్రులు ముగ్గురూ కాశిమేడు చేపల రేవులో ఒక ఫైబర్ పడవ మాట్లాడుకొని గాలం వేటకు వెళ్లాము. శుక్రవారం రాత్రి 20 కిలోల ఐస్ కొని, అక్కడే మరలో ఆడించి, 60 లీటర్ల థర్మాకోల్ పెట్టెలో పోసి, దానిలోనే లీటరు నీళ్ల సీసాలు పన్నెండు కూడా పెట్టుకొని, తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరాము. శనివారం సుమారు 8 కిలోల చేపలు పడ్డాయి. ఆదివారం తెల్లవారాక మూత తీసి చూస్తే ఐస్ ఒక్క పలుకు కూడా లేదు. సీసాల లేబుళ్లు ఊడి నీళ్లమీద తేలుతున్నాయి. అంత చక్కని వంజరం మొప్పలు ఎరుపు పోయి మట్టిరంగుకు తిరిగాయి. దానిని ఇంటికి తీసుకువెళ్లి అమ్మ చేతికి ఇవ్వలేక పారవేయవలసి వచ్చింది, ఆ బాధ ఇంకా తీరలేదు. ఉప్పు చల్లితే ఐస్ నిలుస్తుందని ఒకరు చెప్పగా అరకిలో చల్లాము కూడా. మా పొరపాటు ఎక్కడ జరిగింది? ఖరీదైన పెట్టె కొనక తప్పదా?

అంబత్తూరు మెకానిక్:

నేను చాలాకాలం కోల్డ్ స్టోరేజీలలో పనిచేశాను. మీరు చెప్పిన వివరాలతో లెక్క కడితే మీ ఐస్ ఎక్కడికి పోయిందో స్పష్టంగా తెలుస్తుంది.

ఒక కిలో ఐస్ పూర్తిగా కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. మీరు గది వేడిమిలో ఉన్న 12 లీటర్ల నీటిని పెట్టెలో పెట్టారు. ఆ నీటిని 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికే సుమారు నాలుగున్నర కిలోల ఐస్ ఖర్చవుతుంది. చేపలకు మరో రెండున్నర కిలోలు. ఇక మిగిలినది గోడల గుండా వచ్చే వేడి. అంగుళం మందం ఉన్న థర్మాకోల్ పెట్టె లోపలి వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుంటే, బయట 32 డిగ్రీలున్న నీడలో కూడా రోజుకు దాదాపు 12 కిలోల ఐస్‌ను ఆ గోడలే కరిగిస్తాయి. మూడూ కలిపితే 19 కిలోలు. అంటే శనివారం రాత్రి గడిచేలోపే మీ పెట్టె ఖాళీ అయి ఉంటుంది.

కాబట్టి అన్నిటికంటే ముందు గోడల సంగతి చూడాలి. నాలుగు సెంటీమీటర్ల పఫ్ (వేడిని ఆపే పాలీయురేథేన్ నురుగు) నింపిన పెట్టెలో ఇదే నష్టం రోజుకు 5 కిలోల దగ్గర ఆగుతుంది. అయితే కొనే ముందు మూతను వేలితో తట్టి చూడండి, ఎందుకంటే గోడలలో పఫ్ నింపి మూతను మాత్రం డొల్లగా వదిలేసిన పెట్టెలు బజారులో చాలా కనిపిస్తాయి, డొల్ల మూత తట్టగానే డప్పులా మోగుతుంది. కొత్త పెట్టె కొనడం ఇప్పుడు కుదరకపోతే, ఉన్న పెట్టెకే బయటి నుంచి నాలుగు పక్కలా, అడుగునా, మూతమీదా మరో అంగుళం థర్మాకోల్ పలకలు అతికించి, అతుకుల మీద టేపు వేయండి. నష్టం సగానికి తగ్గుతుంది.

తాగే నీళ్లను వేట చేపల పెట్టెలో పెట్టకండి. ముందురోజే సీసాలను ఇంటి ఫ్రీజరులో గడ్డకట్టించండి, గడ్డకట్టినప్పుడు నీరు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కనుక మెడ దగ్గర ఖాళీ ఉంచండి. అప్పుడు ఐస్‌ను తినే సీసాలే ఐస్‌గా పనిచేస్తాయి, కరిగిన కొద్దీ తాగవచ్చు. మనిషి మనిషికీ దాహం వేసినప్పుడల్లా చేపల పెట్టె మూత తెరిచే అవసరం కూడా ఉండదు. చెన్నై సముద్రగాలిలో తేమ ఎక్కువ, ఆ తేమలో ఒక్క గ్రాము లోపల చెమ్మగా మారితే ఏడు గ్రాములకు పైగా ఐస్ కరుగుతుంది.

పెట్టె కూడా ముందే చల్లబడి ఉండాలి. మధ్యాహ్నమంతా ఎండలో ఉన్న పెట్టెలో ఐస్ పోస్తే మొదట గోడలే తింటాయి. బయలుదేరే ముందు సాయంత్రం నాలుగైదు కిలోల ఐస్ వేసి మూసి ఉంచి, రాత్రి ఆ నీటిని పారబోసి అసలు ఐస్ నింపండి.

ఉప్పు విషయంలో మీకు చెప్పినది తప్పు. ఉప్పు తగిలితే ఐస్ సున్నా కంటే తక్కువ వేడిమి దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కుల్ఫీ చేసేవారు కుండలో ఐస్‌కు ఉప్పు కలిపేది అందుకే, వారికి చల్లదనం త్వరగా కావాలి, ఐస్ నిలవడం కాదు.

పులికాట్ జాలరి:

తమ్ముడూ, అంబత్తూరు వారి లెక్క సరైనదే, కానీ చేప సంగతి వేరు కనుక కొంత చెప్పాలి. మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు, ఐస్ లేని రోజులూ ఐస్ వచ్చిన రోజులూ రెండూ చూశాను.

దిమ్మగా ఉంచితే ఐస్ నిలుస్తుంది, కానీ దిమ్మ చేపను అన్ని వైపులా తాకదు. ఐస్ తగలని చోట చేప మెత్తబడుతుంది. అందువల్ల సగం ఐస్‌ను దిమ్మగా అడుగున ఉంచండి, మిగిలిన సగాన్ని మాత్రమే ఆడించి గోనెసంచిలో కట్టి పెట్టుకోండి. చేప పడిన వెంటనే పేగులు తీసి, సముద్రపు నీటితో కడిగి, కడుపులో ఐస్ కూరి, కడుపు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. ఒక వరుస ఐస్, ఒక వరుస చేప, పైన మళ్లీ ఐస్. ఈ వేడి ప్రాంతంలో కిలో చేపకు కిలో ఐస్ లేనిదే నమ్మకం లేదు.

కరిగిన నీటిని తీసేయాలా, ఉంచాలా అని చాలామంది వాదిస్తారు. సీసాల పెట్టెలో ఉంచండి, అది సున్నా డిగ్రీల నీరే కనుక సీసాలను చక్కగా చల్లగా ఉంచుతుంది. చేపల పెట్టెలో మాత్రం ఒక్క గంట కూడా నిలవనివ్వకండి. రక్తమూ జిగురూ కలిసిన ఆ మంచినీటిలో నానితే చేప రుచి పోతుంది, కండ పాలిపోతుంది. అడుగున చిన్న బెజ్జం చేసి బిరడా పెట్టుకోండి, దిమ్మ కింద రెండు వెదురు బద్దలు వేస్తే నీరు కిందికి జారుతుంది.

పెట్టెను అమరం వైపు, అంటే పడవ వెనుక భాగాన, ఇంజను పక్కన పెట్టకండి. మధ్యలో, నీడలో, చెక్కపలక మీద పెట్టి తడిపిన గోనెపట్టా కప్పండి. గాలి తగిలి గోనె ఆరుతున్న కొద్దీ చల్లబడుతుంది, ఆరగానే మళ్లీ తడపాలి.

ట్రిప్లికేన్ నివాసి:

దిమ్మ గురించి అన్నారు కనుక ఒక మాట. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో మెరీనా ఎదుట ఉన్న వివేకానందర్ ఇల్లం ఒకప్పటి ఐస్ హౌస్. అమెరికా నుంచి ఓడలలో వచ్చిన ఐస్‌ను నిలవ ఉంచడానికి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1842లో కట్టించిన భవనం అది. ఆయన ఐస్‌తో 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరిన తొలి ఓడలో 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల తరువాత భూమధ్యరేఖను రెండుసార్లు దాటి వచ్చాక కూడా 100 టన్నులు మిగిలాయి. వారికి పఫ్ లేదు, యంత్రాలు లేవు. పెద్ద దిమ్మలను సందు లేకుండా పేర్చి, చుట్టూ ఎండిన బెరడు పొట్టు నింపారు, అంతే. పది కిలోల దిమ్మను కిలో ముక్కలుగా చేస్తే గాలికి తగిలే పైభాగం రెండింతలకు మించుతుంది. కాబట్టి దిమ్మను అవసరం వచ్చేదాకా పగలగొట్టకండి, పెట్టెలో ఖాళీ మిగిలితే మడిచిన తువ్వాలునైనా కుక్కండి.

రాయపురం వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పెట్టె కొత్తది కొనలేదు. పాతదానికే మరో పొర థర్మాకోల్ అతికించి, బెజ్జానికి బిరడా పెట్టి, నీళ్లను ముందే గడ్డకట్టించి వేరే పెట్టెలో తీసుకువెళ్లాము. ఈసారీ 20 కిలోలే కొన్నాము, పది దిమ్మగా, పది ఆడించి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కాశిమేడు చేరాక మిగిలిన దిమ్మను తూకం వేస్తే 5 కిలోలు తూగింది, దానిమీద పడుకోబెట్టిన రెండు పార చేపల మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. వాటిని నేరుగా అమ్మకు తీసుకువెళ్లి ఇచ్చాను. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. మూత అంచు దగ్గర చెమ్మ పట్టి కారుతోంది, రబ్బరు పట్టీ అతికించి వచ్చే వారం మళ్లీ చూస్తాను.